ఒకే వరండాలో పది తరగతులు

(ముందుమాట)

మా పల్నాడులో పిల్లల మెడకు టై కట్టించే ప్రతి బడీ కాన్వెంటే. లోపల కన్యస్త్రీలు ఉన్నారా, మఠం ఉందా అని ఎవరూ అడగరు. మిల్లు ఓనరు పెట్టినా కాన్వెంటే, రిటైరైన తాసీల్దారు పెట్టినా కాన్వెంటే. ఈ పుస్తకంలోని బడినీ ఊళ్లో అలాగే పిలిచేవాళ్లు, పాస్టరు గారి కాన్వెంటు అని. ఒక పాస్టరు గారు, ఆయన భార్య, ప్రార్థన మందిరం గోడకు చేర్చి వేసిన రేకుల వరండా, నాలుగు బెంచీలు. మొదలుపెట్టినప్పుడు అంతే. అక్కడ నేను రెండున్నరేళ్లు తెలుగు చెప్పాను. ఈ ముందుమాట రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే. అనర్హత కూడా అందులోనే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రచయిత్రి పేరు అట్ట మీద ఉంది. బడి పేరు, ఊరి పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా కనబడవు. ఎందుకమ్మా అని అడిగితే, "ఇందులో ఫీజు బాకీలున్నాయి సార్. ఊరి పేరు రాస్తే మనుషుల పేర్లు రాసినట్టే" అంది. సహకార బ్యాంకులో తల నెరిసిన మనిషి మాట అది. బాకీదారు పరువు కాపాడటం ఉద్యోగంలోనే అలవాటై ఉంటుంది. కాబట్టి నేనూ చెప్పను. నరసరావుపేటలో బస్సెక్కి పడమటగా వెళ్లి, సాగర్ కుడికాలువ కింద ఏదో ఒక ఊళ్లో దిగామనుకోండి. అప్పట్లో అది గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా.

బడుల చరిత్రలు నేను చాలానే చదివాను. రిటైరైన హెడ్మాస్టర్ని కాబట్టి రజతోత్సవ సంచికలూ స్వర్ణోత్సవ సంచికలూ అడక్కుండానే ఇంటికి వస్తుంటాయి. మొదట వ్యవస్థాపకుల పటం, తర్వాత మంత్రిగారి సందేశం, ఆ తర్వాత అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థుల ఫోటోలు. ఎవరైనా ఫీజు కట్టలేక మధ్యలో మానేశారా, ఎవరైనా ఊరికే దెబ్బలు తిన్నారా అన్నది ఆ నున్నటి కాగితాల మీద దొరకదు. ఈమె ఆ దారికి పోలేదు. మూడు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. అడ్మిషన్ రిజిస్టరు, ఫీజుల లెడ్జరు, అమ్మగారు రాసుకున్న చిల్లర ఖర్చుల నోటుబుక్కు. (మా వైపు సంఘాల్లో పాస్టరును అయ్యగారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు. సంఘంతో సంబంధం లేనివాళ్లకూ అవే పిలుపులు. నేనూ అలాగే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.) సుద్దముక్కల డబ్బాలెన్ని, కిరసనాయిలు ఎంత, ఏ పిల్లకు జ్వరం వస్తే ఆర్‌ఎంపీకి ఎంత ఇచ్చారు, అన్నీ ఆ నోటుబుక్కులో ఉన్నాయి. ఆ అంకెల వెనకాల ఉన్న మనుషుల్ని ఈమె ఒక్కొక్కరినే వెళ్లి కలిసింది. మూడేళ్లు పట్టిందట.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది మూడో అధ్యాయం. అన్ని తరగతులూ ఉన్న బడి అనగానే ఎవరో ముందే ప్లాను గీసి, శిశుతరగతి నుంచి పదో తరగతి దాకా గదులు కట్టించినట్టు తోస్తుంది. ఇక్కడ జరిగింది వేరు. 1980 జూన్‌లో బడి పెట్టినప్పుడు అయ్యగారి ఉద్దేశం ఐదో తరగతితో ఆపేద్దామనే. ఐదు దాటితే హైస్కూలు పదకొండు కిలోమీటర్ల అవతల. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. సాయంత్రం బస్సు రాని రోజులే ఎక్కువ. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడు, మన ఊరు మండల కేంద్రం అయితే హైస్కూలు కూడా వస్తుందని ఊరంతా ఆశపడింది. కేంద్రం పక్క ఊరికి వెళ్లింది. మగపిల్లలు సైకిళ్లెక్కారు. ఆడపిల్లలు మిరప కోతలకు వెళ్లారు.

1986 వేసవికి ఐదో తరగతి పూర్తి చేసిన మొదటి జట్టు తొమ్మిది మంది. అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఒకమ్మాయి నాయన వచ్చి టీసీ ఇప్పించమన్నాడు. ఏ బళ్లో చేరుస్తావయ్యా అని అమ్మగారు అడిగారు. ఏ బళ్లోనూ కాదమ్మా, కాగితం చేతిలో ఉంటే మంచిదని అన్నాడతను. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అమ్మగారు టీసీ పుస్తకం తెరిచి, కాసేపు చూసి, మూసేశారు. జూన్ చివరి వారం రమ్మన్నారు. అతను జూన్ చివరి వారం వచ్చేసరికి వరండా చివర కొత్తగా తాటాకు పందిరి వేసి ఉంది, దాని కింద ఆరో తరగతి కూర్చుని ఉంది, అతని కూతురు మొదటి బెంచీలో ఉంది. మరుసటి ఏడు ఏడో తరగతి, ఆ మరుసటి ఏడు ఎనిమిది. ఆ తొమ్మిది మంది ఎక్కడిదాకా వస్తే బడి అక్కడిదాకా పెరిగింది. ఏడు దాకా గుర్తింపు తెచ్చుకున్నారు. ఆపైన అనుమతి రాలేదు. 1991 మార్చిలో వాళ్లు పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టారు. తొమ్మిది మందిలో అప్పటికి మిగిలింది ఏడుగురు. ఆడపిల్లలు ఆరుగురూ మిగిలారు.

ఈ రచయిత్రి ఆ ఆరుగురిలో ఒకరు. అందుకే ఆమెకు తట్టిన ఒక సంగతి, రెండున్నరేళ్లు అదే వరండాలో తిరిగిన నాకు తట్టలేదు. ఒకే కప్పు కింద అన్ని తరగతులూ ఉంటే చిన్నపిల్లలు పెద్దవాళ్ల పాఠం వింటూ పెరుగుతారు. మూడో తరగతి పిల్ల తన ఎక్కాలు రాసుకుంటూనే పక్కన ఐదో తరగతి పద్యం పట్టేస్తుంది. తర్వాత ఆ తరగతికి వచ్చేసరికి పాఠం పాత చుట్టంలా ఉంటుంది. మేము ఉపాధ్యాయులం దీన్ని చూసి మురిసిపోయేవాళ్లం. ఈమె ఏం రాసిందంటే, తన జట్టుకు ఆ భాగ్యం లేదు. ఏ ఏడాది చూసినా బళ్లో పెద్ద తరగతి వాళ్లదే. వాళ్ల పాఠాలు అందరూ విన్నారు, వాళ్లు వినడానికి పైన ఎవరూ లేరు. పదో తరగతి పిల్ల ఎలా ఉంటుందో వాళ్లు పదో తరగతికి వచ్చేదాకా చూడలేదు. ఆ పేజీ చదివి పుస్తకం మూసి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను.

ఇక్కడ ఆమెతో నాకొక పేచీ ఉంది. ఈ బడి వంశవృక్షాన్ని ఆమె 1842 జూలై 31 దగ్గర మొదలుపెట్టింది. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో దిగిన రోజు అది. కలెక్టరు స్టోక్స్ ఆయన్ని ఆదరించడం, లూథరన్ మిషను బడులు పెట్టడం, హయ్యర్ ఆ తర్వాత పల్నాడుకు రావడం, అన్నీ సరిగానే రాసింది. వాటికి ముందు ఏమీ లేనట్టు రాయడమే నాకు నచ్చలేదు. 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్, తెలుగుకు వ్యాకరణమూ నిఘంటువూ రాసిన ఆయనే, తన జిల్లాలోని వీధిబడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగూ కన్నడమూ కలిసిన జిల్లా అది. 533 బడులు, 6,641 మంది పిల్లలు. భాగించి చూడండి, బడికి పన్నెండు మంది. చిన్న బడి మనకు కొత్త కాదు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని కూడా ఆయన మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించిందని గుర్తుచేశాడు. అంతకు ముందు తరంలో ఆండ్రూ బెల్ అనే పాదిరి మద్రాసులో అనాథ బాలుర బడి నడుపుతూ, వీధిబళ్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన బళ్లో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. మన అరుగు మీది బడి పాదిరి గారి చేతిలో పడి సముద్రం దాటిందన్నమాట. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ అరుగు మీద మాలపల్లె పిల్లకు, మాదిగపల్లె పిల్లకు చోటు లేదు. ఈ మాట అన్నప్పుడు రచయిత్రి నవ్వింది. "అందుకే సార్, నేను 1842లో మొదలుపెట్టాను" అంది. పేచీ అక్కడితో సగం తీరింది.

మిగిలిన సగం ఇది. మచిలీపట్నంలో నోబుల్ దొర 1843లో పెట్టినటువంటి పట్నం బడుల సంతానం కాదు మన పాస్టరు గారి కాన్వెంటు. ఆ బడులు పై కులాల వాళ్ల కోసం ఇంగ్లీషుతో మొదలయ్యాయి. 1852లో నోబుల్ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకుంటే పట్నం హడలిపోయి బడి ఖాళీ చేసింది. మన బడి తాత వేరు. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లందరి పిల్లలకూ అక్షరం చెప్పేవాళ్లు కావలసి వచ్చింది. లూథరన్ల వైపూ అదే అవసరం. అలా పుట్టిందే పల్లె పంతులు. వారమంతా పలకలు దిద్దించేదీ ఆదివారం ప్రసంగం చేసేదీ ఒకే మనిషి. ప్రార్థన మందిరమే బడి. భార్య ఆడపిల్లలకు కుట్టుపనీ చదువూ చెప్పేది. కవి జాషువా గారు గుంటూరులో పదేళ్లు పాఠాలు చెప్పింది ఇలాంటి పంతుళ్లను తయారుచేసే లూథరన్ శిక్షణ పాఠశాలలోనే. అయ్యగారు, అమ్మగారు, మందిరం గోడకు చేర్చిన వరండా, ఇదంతా ఆ పంతులు బడే. మెడకు టై ఒక్కటే కొత్తగా వచ్చింది. రచయిత్రి ఈ బంధుత్వాన్ని ఒక వాక్యంలో దాటేసింది. మలి ముద్రణలో పెంచమని నా సలహా.

ఇక డబ్బు. ఊళ్లో ఒక నమ్మకం ఉండేది, పాస్టరు గారికి అమెరికా నుంచి డాలర్లు వస్తాయని. టీకొట్టు దగ్గర లెక్కలు కూడా వేసేవాళ్లు. విదేశీ డబ్బు తీసుకోవాలంటే అప్పట్లో 1976 చట్టం ప్రకారం ఢిల్లీ అనుమతి ఉండాల్సి వచ్చేది. ఈ బడికి ఆ అనుమతీ లేదు, డాలరూ లేదు. సముద్రం అవతలి నుంచి వచ్చినట్టు నోటుబుక్కులో ఉన్నది ఒక్కటే పద్దు. వాడేసిన క్రిస్మస్ కార్డుల పార్సిలు. వెనక ఎవరివో సంతకాలున్న ఆ కార్డుల్ని సగానికి కత్తిరించి, బొమ్మ ఉన్న ముక్కను కంఠత వాక్యాలు అప్పగించిన పిల్లలకు బహుమానంగా ఇచ్చేవాళ్లు. మంచు కప్పిన ఇళ్ల బొమ్మలు. నలభై అయిదు డిగ్రీల ఎండలో పల్నాడు పిల్లలు వాటిని చొక్కా జేబుల్లో దాచుకునేవాళ్లు.

బడి నడిచింది మిర్చితోనూ పత్తితోనూ. లెడ్జరులో ప్రతి పిల్ల పేరు పక్కనా అమ్మగారి చేతిరాతలో చిన్న గుర్తులున్నాయి. "మి" అంటే మిర్చి అమ్మాక ఇస్తారు. "ప" అంటే పత్తి మొదటి తీత డబ్బులు రాగానే. "బి" అంటే బియ్యం. జూన్ నుంచి సంక్రాంతి దాకా ఆ గడులన్నీ ఖాళీ. గుంటూరు యార్డుకు బస్తాలు వెళ్లే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కసారిగా నిండుతాయి. అయ్యవార్ల జీతాలూ అదే కాలచక్రం. నా జీతం రెండు వందల యాభై అని నియామకపు కాగితంలో ఉండేది. ఆ రెండు వందల యాభై ఏ నెలదో తేల్చుకోవడానికి మాత్రం క్యాలెండరు పనికొచ్చేది కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయిన సంవత్సరం అది. ఆ ఏటి లెడ్జరు పేజీల్ని ఆమె ఫోటో తీసి అచ్చువేసింది. "ప" గుర్తులు వరసగా, వాటి ఎదురుగా ఖాళీ గడులు. ఆ పేజీల కింద ఆమె ఒక్క మాట కూడా రాయలేదు. మంచి పని చేసింది. అమ్మగారి కుట్టుమిషను అప్పటికి రెండుసార్లు తాకట్టులోకి వెళ్లి తిరిగొచ్చింది. ఆ ఏడు మూడోసారి వెళ్లింది, మళ్లీ రాలేదు.

రిజిస్టరులో ఇంకో గడి ఉంది, మతం, కులం. దాని మీద ఒక అధ్యాయం రాయడానికి ధైర్యం కావాలి. ఆదివారం మందిరంలో ముందు వరసలో కూర్చుని పాడే తండ్రి, సోమవారం కూతుర్ని చేర్పించడానికి వచ్చి, "హిందూ, ఎస్సీ అని రాయండి అయ్యగారూ" అంటాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషను. క్రైస్తవం అని రాస్తే పిల్ల స్కాలర్‌షిప్పు పోతుందని, హాస్టలు సీటు పోతుందని భయం. రేపు ఉద్యోగం మాట సరేసరి. అయ్యగారు కాసేపు కలం పట్టుకుని కూర్చునేవారు, తర్వాత తండ్రి చెప్పిందే రాసేవారు. క్రైస్తవ బడి రిజిస్టరులో క్రైస్తవులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కనబడటానికి కారణం అది. దీన్ని అబద్ధం అనేవాళ్లున్నారు. వంద ఏళ్ల నాటి పల్లె మారలేదు, బావి దగ్గర గిరి మారలేదు, ఒక్క కాగితం మీద మాత్రం కులం మాయమైపోవాలనడం ఏం నిజమో వాళ్లే చెప్పాలి. జాషువా గారిని ఒక పక్క అంటరానివాడన్నారు, మరో పక్క పురాణాలు రాస్తున్నాడని సంఘమే దూరం పెట్టింది. ఆ గడిలో ఇమడని మనుషులు మనకు కొత్తేమీ కాదు. రచయిత్రి తన సొంత గడిలో ఏమి రాసి ఉందో కూడా దాచకుండా చెప్పింది. మీరే చదవండి.

ప్రార్థన సంగతిలో మాత్రం ఆమె కాస్త మెత్తబడిందనిపించింది. ఉదయం అసెంబ్లీలో కీర్తన, కంఠత వాక్యం, ప్రభువు ప్రార్థన. పిల్లల్లో సగానికి పైగా ఆ మతం కాని ఇళ్లవాళ్లు. దూదేకుల వారమ్మాయి ఒకతె ఇరవై మూడో కీర్తన మొత్తం తడబడకుండా చెప్పి, కార్డు ముక్క గెలుచుకుని, ఇంటికెళ్లి దాన్ని వాళ్ల నాయనమ్మకు చూపించి మెప్పు పొందిన ముచ్చట పుస్తకంలో ఉంది. అందంగా ఉంది, నిజమే కూడా. గుర్తింపు పొందిన బళ్లో పెద్దల సమ్మతి లేకుండా పిల్లను మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. సొంత బడి పెట్టుకుని నడుపుకునే హక్కు మైనారిటీలకు 30వది ఇచ్చింది. రెండూ ఒకే వరండాలో ఎలా కాపురం చేశాయో ఆమె ఇంకొంచెం తవ్వాల్సింది. నాకు తెలిసినంతలో సమ్మతి ఎవరూ అడగలేదు, కాదని ఎవరూ అనలేదు. నేను రోజూ నుదుట బొట్టుతోనే ఆ వరసలో నిలబడ్డాను, చేతులు కట్టుకునేవాణ్ణి. రెండున్నరేళ్లలో అయ్యగారు నన్ను మతం గురించి ఒక్క ముక్క అడగలేదు. కాకపోతే నేను జీతగాణ్ణి, పిల్లలు పిల్లలు. రెండూ ఒకటి కావు.

చిన్న బడిలో ప్రతి పిల్ల ముఖం అందరికీ తెలుసు. అమ్మగారికి ప్రతి పిల్ల చెప్పు సైజు తెలుసు, ఏ ఇంట్లో రాత్రి గొడవ జరిగిందో తెలుసు. ఈ మాట అందరూ మెచ్చుకోలుగా చెబుతారు. దీనికి రెండో ముఖం ఉందని రాసినందుకే ఈ పుస్తకాన్ని నేను భుజాన వేసుకున్నాను. రెండో తరగతిలో మొద్దబ్బాయి అనిపించుకున్నవాడు ఆ బళ్లో చివరిదాకా మొద్దబ్బాయే. పెద్ద బడిలో అయితే ఏటా కొత్త అయ్యవారు, కొత్త సెక్షను. పాత ముద్ర ఎక్కడో రాలిపోతుంది. ఇక్కడ కొత్త మనిషంటూ లేడు. ఎవరైనా వచ్చినా మొదటి రోజే స్టాఫు బల్ల దగ్గర, వీడు ఇంతే మాస్టారూ అని చెప్పేస్తారు. అలా చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తొమ్మిది మందిలో పదో తరగతికి చేరని ఇద్దరు మగపిల్లల్లో ఒకడు అలా మొద్దబ్బాయి అనిపించుకున్నవాడే. రచయిత్రి అతన్ని పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర పట్టుకుని మాట్లాడింది. అతను ఎవరినీ తిట్టలేదు. లెక్కలు బాగానే వచ్చేవి, ఎవరూ అడగలేదు అన్నాడట.

ఇంకోటి, బాకీ ఉన్నవాళ్లను పరీక్ష రోజున వరండా బయట నిలబెట్టడం. అయ్యగారికి ఇష్టం ఉండేది కాదు. జీతాలివ్వాల్సింది అమ్మగారు కాబట్టి ఆ పని ఆవిడ చేసేవారు. టీసీ పుస్తకం మూసిన చెయ్యే ఆ పిల్లల్నీ బయటికి పంపింది. రచయిత్రి తమ్ముడు ఒకసారి అలా నిలబడ్డాడు. నేను లోపల ప్రశ్నలు చదివి రాయిస్తున్నాను. కిటికీలోంచి వాడు ప్రశ్న విని, బయట నేల మీద పుల్లతో జవాబు రాస్తున్నాడు. చూశాను. రెండో ప్రశ్న చదివాను.

అయ్యగారు పోయిన తర్వాతి కాలం మీద అధ్యాయం మూడే పేజీలు. ఎందుకు మూడే పేజీలో నాకు తెలుసు. స్థలం గొడవలు, సంఘంలో చీలికలు, పుస్తకంలో లేవు కాబట్టి ముందుమాటలోనూ ఉండవు. ఆ తాటాకు పందిరి మాత్రం 2004లో పోయింది. తమిళనాడులోని కుంభకోణంలో ఆ జూలైలో ఒక బడి వంటశాల నిప్పు కప్పుకు అంటుకుని 94 మంది చిన్నపిల్లలు చనిపోయాక, మన దగ్గరా అధికారులు తిరిగి పందిళ్లు పీకించారు. చిన్న బడుల యజమానులు అప్పటినుంచీ ఫైరు కాగితం, భవనం కాగితం అని సణుగుతూనే ఉన్నారు. సణుక్కోనివ్వండి. ఆ ఒక్క విషయంలో నేను కాగితం పక్షమే. పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యా చట్టం 2010లో అమల్లోకి వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు అది వర్తించదంది. ఇలాంటివన్నీ రచయిత్రి అనుబంధంలో పెట్టింది. చదవని వాళ్లకు నష్టమేమీ లేదు. ఇప్పుడు ఊళ్లోకి పొద్దున్నే పట్నం బడుల పచ్చ బస్సులు నాలుగు వస్తాయి. బడి ఉంది. పది తరగతులూ ఉన్నాయి. కొన్ని తరగతుల్లో పిల్లలు ఒక బెంచీకి సరిపోతారు. క్యాంప్‌బెల్ దొర లెక్కకు మళ్లీ దగ్గరవుతున్నాం.

నా సంగతికి వస్తాను. 1986-87లో నేను ఆ మొదటి ఆరో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. పుస్తకాలు లేవు, పాతవి మూడు తెప్పించి పంచుకున్నాం. పిల్లలు తరచూ తప్పు రాసే మాటలతో ఒక పట్టిక తయారుచేశాను, నలభై జంటలు. ఒత్తు మారితే అర్థం మారిపోయే మాటలు. క్రిస్మస్ సెలవులయ్యాక రోజుకు నాలుగు చొప్పున చెబుదామనుకున్నాను. డిసెంబరు మొదటి వారంలో డీఎస్సీ ఆర్డరు వచ్చింది. సర్కారు ఉద్యోగం, అద్దంకి అవతల. ఆర్డరు చూపిస్తే అయ్యగారు లేచి నిలబడి చెయ్యి కలిపారు, ప్రార్థన చేశారు. పరీక్షలయ్యేదాకా ఉండమని ఒక్క మాట అంటారేమోనని చూశాను. అనలేదు. అని ఉంటే ఉండేవాణ్ణని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. గడువు పదిహేను రోజులుంది, నాలుగో రోజే బస్సెక్కాను. పిల్లలకు చెప్పలేదు. ఆ పట్టిక నా సంచిలోనే వచ్చేసింది. దాన్ని తర్వాత ముప్ఫై ఏళ్లపాటు సర్కారు బడుల్లో చెప్పాను.

నెల కిందట రచయిత్రి ప్రూఫులు తెచ్చి నా ముందు పెట్టింది. నూట పన్నెండో పేజీలో పెన్సిలుతో గీత గీసి ఉంది, పక్కన చిన్న అక్షరాలతో, "సార్, ఇది ఉంచమంటారా, తీసేయమంటారా?" అని. వాక్యం ఇది: "అర్థ సంవత్సర పరీక్షలకు పది రోజుల ముందు మా తెలుగు మాస్టారు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏడాదిన్నర మాకు తెలుగు చెప్పినవాళ్లు లేరు."

ఆమె కాఫీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను ఎర్ర కలం తీసి, పక్కన "ఉంచు" అని రాశాను. తర్వాత ఆ మొదటి మాటలో "థ" కొట్టేసి "ధ" దిద్దాను. సగం అనే అర్థానికి "ధ" ఉండాలి. నా పట్టికలో మొదటి జంట అదే.